పిల్లల వేళకి పార్కు గేటు తెరవండి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మీ పత్రికలో బాక్సు కట్టి ఒక సూచన వేస్తారు. చిన్న పిల్లల్ని పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలోకి పంపొద్దు, నీళ్లు తరచూ తాగించండి, నూలు బట్టలు వేయండి అని. మా ఆవిడ ఈసారి ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అందులో రాసిన ప్రతి మాటా నిజమని వార్డులో చూసి తెలుసు ఆమెకి. మేం పాటిస్తున్నాం కూడా. అయితే అది చదివినప్పుడల్లా నాకొక ప్రశ్న మిగిలిపోతోంది. పదకొండు నుంచి నాలుగు దాకా వద్దు, సరే. మరి మిగతా వేళల్లో ఈ పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? ఆ మాట అడుగుదామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల షాపులో పనిచేస్తాను. పటమటలో మూడంతస్తుల ఇంట్లో పై వాటా మాది. రెండు గదులు, వంటగది. మా నెత్తి మీద స్లాబే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా చల్లబడదు. ఫ్యాను వేస్తే ఆ వేడే కిందికి దిగుతుంది. కూలర్ పెడితే గాలి వస్తుంది గానీ, మన బెజవాడ ఉక్కకి ఆ తేమ తోడై ఒళ్లంతా జిడ్డు. పాపకి ఐదేళ్లు, బాబుకి రెండున్నర. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చిన బడి మళ్లీ జూన్ 12న తెరుస్తారు. ఈ ఏడు వారాలూ ఇద్దరు పిల్లల్ని ఆ రెండు గదుల్లో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. మేం డ్యూటీకి వెళ్లినప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి మా అమ్మ పల్లె నుంచి వచ్చింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆవిడ కూడా ఓపిక అయిపోయి ఫోన్ చేతికిచ్చేస్తుంది. ఆవిణ్ని తప్పు పట్టలేను.

పోయిన ఏడాది మేం చేసిన పొరపాటు ముందు చెబుతాను. అది చదివి ఒక్క ఇంట్లో జాగ్రత్తపడినా చాలు.

మే నెల, పెద్దకర్తరి రోజులు. నాకు వారానికి ఒక్క ఆదివారమే సెలవు. ఆ వారం మా ఆవిడకి కూడా సెలవు కలిసింది. పాప రెండు వారాలుగా అడుగుతోందని, ఊరి బయట పిల్లల ఆటలూ నీళ్లూ ఉన్న ఒక చోటికి వెళ్లాం. అక్కడ గేటు పదింటికి గానీ తియ్యరు. మేం తొమ్మిదిన్నరకే చేరి బయట రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. టికెట్లు తీసుకుని లోపల కాలు పెట్టేసరికి పదిన్నర. బాబుకి అప్పుడు ఏడాదిన్నర. మొదట బాగానే ఆడాడు. పన్నెండు దాటాక నా భుజం మీద తల వాల్చేశాడు. నిద్రొచ్చిందేమో అనుకున్నాను. వాళ్లమ్మ డైపర్ తడిమి చూసింది. పొద్దున ఏడింటికి వేసిన డైపర్. పొడిగా ఉంది. నోట్లో వేలు పెట్టి చూస్తే నాలుక అంటుకుపోతోంది. ఏడుస్తున్నాడు గానీ కళ్ల వెంట నీళ్లు లేవు.

ఆమె ఇంకేం మాట్లాడలేదు. పిల్లాణ్ని నా దగ్గర్నుంచి లాక్కుని నీడ కోసం చూసింది. అంత పెద్ద స్థలంలో పిల్లాణ్ని పడుకోబెట్టడానికి నీడ అన్నది క్యాంటీన్ వరండాలోనే దొరికింది. బట్టలు విప్పి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, బ్యాగులో ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి, స్పూనుతో కొంచెం కొంచెంగా పట్టడం మొదలుపెట్టింది. గ్లాసుతో గటగటా తాగిస్తే కక్కేస్తారట. ప్యాకెట్ సగం వేసి సగం నీళ్లు కలపడం, అందాజాగా కలపడం చెయ్యకూడదట, కొలత తప్పితే మంచికన్నా చెడు ఎక్కువట. అక్కడున్న ఒకాయన మంచి మనసుతో కూల్‌డ్రింకు సీసా తెచ్చిచ్చాడు. ఆమె చేతులు జోడించి వద్దంది, అంత తీపి ఉన్నది ఆ స్థితిలో పిల్లాడికి పనికిరాదంది. గంటన్నరకి వాడు మూత్రం పోశాడు. ఆ తడి చూసి మా ఆవిడ ఏడ్చేసింది. వార్డులో ఎంతమంది పిల్లల్ని చూసిన మనిషి ఆమె.

ఇంత త్వరగా ఎలా అయిందని రాత్రి అడిగాను. చిన్న పిల్లల ఒళ్లు మనకన్నా తొందరగా వేడెక్కుతుందనీ, చెమట తక్కువ పోస్తుందనీ, దాహమేస్తోందని చెప్పడం వాళ్లకి రాదనీ, ఆట మధ్యలో ఆపి నీడకి వెళ్లాలన్న ఊహ ఉండదనీ చెప్పింది. ఆ రోజు తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. పదింటికి తెరిచే చోటికి మే నెలలో ఏడాదిన్నర బిడ్డని తీసుకెళ్లకూడదు. కానీ పిల్లల కోసమే కట్టిన చోటుని మే నెలలో పదింటికి తెరవాలని ఎలా అనిపించింది ఎవరికైనా?

ఈ ఏడాది మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పొద్దున ఐదున్నరకల్లా బండి తియ్యాలి, ఎండ చురుక్కుమనేలోపు ఇంటికి చేరాలి. లేకపోతే సాయంత్రం ఐదు దాటాకే బయటికి. రాత్రే బ్యాగు సర్దుతాం. రెండు నీళ్ల సీసాలు, పలచటి మజ్జిగ, తడిపి పిండిన తువ్వాలు, టోపీలు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఇడ్లీ డబ్బా. నేను తొమ్మిదిన్నరకి షాపులో ఉండాలి కాబట్టి మామూలు రోజుల్లో కూడా ఆ పొద్దుటి రెండు మూడు గంటలే నాకూ పిల్లలకీ దొరికే టైము. పెద్ద ఖర్చు లేదు, లీవు పెట్టనక్కర్లేదు. ఊళ్లో చోటు ఉంటే చాలు.

ఆ చోటు దగ్గరే మొదటి వారం ఆగిపోయాం. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పార్కు ఉంది. వాకింగ్ ట్రాక్ ఐదింటికే తెరుస్తారు. పిల్లల ఆటస్థలం మాత్రం విడిగా కంచె కట్టి ఉంటుంది. దానికి తాళం. సాయంత్రం నాలుగింటికి గానీ తియ్యరట. కాపలా ఉండే పెద్దాయన మంచివాడు. "బాబాయ్, ఒక్క గంట తియ్యండి, నేను పక్కనే ఉంటాను" అని బతిమాలాను. "నాదేముంది బాబూ, పొద్దున్నే పిల్లల గోలంటే వాకింగుకొచ్చేవాళ్లు కంప్లయింట్ పెడతారు. తాళంచెవి కూడా నా దగ్గర ఉంచరు" అన్నాడు. పాప కంచె కడ్డీలు పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆరుంబావు అయింది. చల్లటి గాలి. మూడు ఉయ్యాలలూ ఖాళీగా ఉన్నాయి.

ఆ సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ తీసుకెళ్లాను. జారుడుబల్ల ఇనుపది, పడమటి ఎండ నేరుగా దాని మీద పడుతోంది. గౌను వేసుకున్న పాప గబగబా ఎక్కేసింది. సగం జారి కేక పెట్టింది. తొడ వెనక భాగం రెండు రోజులు ఎర్రగా కందిపోయి ఉంది. అప్పట్నుంచి ఏ జారుడుబల్ల కనిపించినా "నాన్నా, నువ్వు చెయ్యి పెట్టి చూడు" అంటుంది. అరచెయ్యి ఆనించి పది లెక్కపెడతాను. చురుక్కుమనకపోతేనే ఎక్కిస్తాను. పక్కనున్న తల్లిదండ్రులకి కూడా చెబుతున్నాను, ప్లాస్టిక్ బల్లనైనా నమ్మొద్దని, అదీ కాలుతుందని.

వాకింగుకొచ్చే పెద్దవాళ్ల మీద నాకు కోపం లేదు. షుగరూ బీపీ ఉన్నవాళ్లకి ఆ నడక మందుతో సమానం. మా నాన్న ఉండుంటే నేనే తీసుకొచ్చి నడిపించేవాణ్ని. కానీ ఆ చల్లటి పూట ఊరందరిదీ. అరవై ఏళ్లవారికి ఎండ ఎంత కష్టమో, ఐదేళ్లలోపు పిల్లలకీ అంతే కష్టం. ఒక మూల పిల్లలు నవ్వుతుంటే, ఇంకో మూల పెద్దవాళ్లు నడవలేరా? మా పల్లెలో రావిచెట్టు కింద రచ్చబండ మీద తాతలూ, దాని చుట్టూ మేమూ ఒకే వేళ ఉండేవాళ్లం.

ఆ రోజు నుంచి పొద్దుటి పూట మా పార్కు ప్రకాశం బ్యారేజీ. ఒక పక్క బండి ఆపి, ఫుట్‌పాత్ మీద నడుస్తాం. బాబు నా భుజాల మీద, పాప చెయ్యి వాళ్లమ్మ చేతిలో. 1957లో కట్టిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. పాపకి అంకెలు ఇరవై దాకానే గట్టిగా వస్తాయి. ఇరవై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. మూడు ఇరవైలూ ఒక పదీ అయితే డెబ్బై అని వాళ్లమ్మ నేర్పింది. ఇప్పుడు మెట్లెక్కినా, ఇడ్లీలు పెట్టినా ఇరవైలూ పదులూ అంటోంది. ఒక పొద్దున ఆగి రెండు పక్కలా చూసి "ఈ పక్క ఇన్ని నీళ్లున్నాయి, ఆ పక్క ఇసుకే ఉందేంటి నాన్నా?" అంది. నీళ్లు ఆపడానికే దీన్ని కట్టారమ్మా, ఇక్కడాగిన నీళ్లు కాలవల్లోకి వెళ్తాయి, నువ్వు ఊళ్లో చూసే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ అన్నీ ఇక్కడ పుట్టినవే అన్నాను. మరి కాలవలో ఇప్పుడు నీళ్లు లేవుగా అంది. వేసవిలో కాలవ కట్టేస్తారు, నారుమళ్ల వేళకి వదులుతారు అని చెప్పేటప్పటికి మా తాతే గుర్తొచ్చాడు.

మా తాత మొవ్వ దగ్గర పల్లెలో రెండెకరాల రైతు. ఈ బ్యారేజీకి ముందు ఇక్కడ 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. 1952లో దానికి గండి పడింది. అప్పుడు తాత కుర్రవాడు. నీళ్లొస్తాయో రావో అని ఊరు ఊరంతా దిగులుపడ్డ సంగతి, అరుగు మీద పడుకుని మాకు కథలా చెప్పేవాడు. ఆ కథ నేను పాపకి చెప్పింది బ్యారేజీ మీద నిలబడి, ఆ నీళ్లు చూపిస్తూ. రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న నీటికాకుల్ని చూపించి బాబు "కాక, కాక" అని అరుస్తుంటే, సగంలో ఆపాల్సి వచ్చింది. మిగతా సగం మర్నాడు అడిగి మరీ చెప్పించుకుంది.

అయినా అది పిల్లలు ఆడుకునే చోటు కాదని నాకు తెలుసు. పక్కనే బండ్లు రయ్యిమని పోతుంటాయి. ఒక్క నిమిషం చెయ్యి వదల్లేం. రెండున్నరేళ్ల వాడికి కావలసింది పరిగెత్తడం, పడటం, మట్టి తవ్వడం. అది భుజాల మీద కూర్చుని దొరకదు.

ఆదివారాలు కొంచెం దూరం వెళ్తున్నాం. కొండపల్లి ఒకసారి వెళ్లాం, ఏడున్నరకల్లా ఊళ్లో ఉన్నాం. బొమ్మలు చేసేవాళ్లు ఎండ ముదరకముందే వీధి అరుగుల మీద పని మొదలుపెట్టేశారు. తెల్లపొణికి చెక్క ఎంత తేలికో, పాప చేతిలో పెడితే "ఇది చెక్క కాదు, బిస్కెట్టు" అంది. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, నున్నగా చేసి రంగులు వేస్తారు. ఏనుగుకి తొండం ఒక ముక్క, చెవులు ఒక ముక్క అని ఒకాయన ఓపిగ్గా చూపించాడు. రంగు వేయని చిన్న చక్రం ఒకటి పాపకి ఊరికే ఇచ్చాడు. మేం కొన్న ఎడ్లబండి షోకేసులో ఉంది. ఆ చక్రం మాత్రం రోజూ పాప దిండు కింద పడుకుంటోంది.

ఉండవల్లి గుహలకి సాయంత్రం పూట వెళ్లాం. బ్యారేజీ దాటితే కొద్ది దూరమే. కొండని అంతస్తులుగా తొలిచిన ఆ గుహల్లో అడుగుపెట్టగానే చల్లదనం ఒంటికి తగిలింది. లోపల ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి పెద్ద విగ్రహం, పడుకుని ఉంటుంది. బాబు ఏదో అరవబోతే పాప వాడి నోరు మూసింది. "తమ్ముడూ, ష్! స్వామి నిద్రపోతున్నాడు" అని గుసగుసగా చెప్పింది. బయటికొచ్చేదాకా ఇద్దరూ మునివేళ్ల మీద నడిచారు. రాతి గోడకి బుగ్గ ఆనించి "చల్లగా ఉంది, మన ఇంటికి కూడా ఈ గోడ కట్టించు" అని అడిగింది. నేనేం చెప్పను?

అన్నిటికన్నా పెద్ద ప్రయాణం సూర్యలంక. తెల్లవారుజామున రైలెక్కి బాపట్లలో దిగి, అక్కడి నుంచి ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు. నిజం చెప్పాలంటే బాబుకి సముద్రం కన్నా రైలే నచ్చింది. కిటికీ కడ్డీల దగ్గర నుంచి లాగితే ఏడుపు. తెనాలి దాటాక తాటిచెట్లు లెక్కపెట్టారు. సముద్రంలో మడమలు మునిగేంత వరకే దిగనిచ్చాను. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, చిన్న పిల్లలు నిలదొక్కుకోలేరు. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే ఉండాలి, ఫోటోల కోసం కూడా వదలకూడదు. తొమ్మిదిన్నరకి ఇసుక కాళ్లని కాలుస్తుంటే బయల్దేరాం. టికెట్లు, ఆటోలు, టిఫిన్ అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. మాల్‌లో ఏసీ ఆటల గదిలో ఇద్దరు పిల్లలకి గంటకే దాదాపు అంత అవుతుంది. ఒకసారి వెళ్లాం, పాప పుట్టినరోజుకి. ప్రతి వారం మా జీతాలకి కుదిరే పని కాదు.

మధ్యలో నాలుగు రోజులు పిల్లల్ని పల్లెకి కూడా పంపాను. మా అమ్మ ఆవకాయ పెట్టాలని పట్టుబట్టింది. కాయలు తుడిచే పని పాపది. బాబు ముక్కల్లో చెయ్యి పెట్టకుండా చూడటం మా అమ్మ పని. తాటిముంజలు బొటనవేలితో నొక్కి జుర్రుకోవడం పాపకి ఇద్దరు అక్కలు నేర్పారు. నూజివీడు చిన్న రసాలు తిని చొక్కాలన్నీ మరకలు. మా పిల్లలిద్దరూ పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా బయటే ఉన్నారు. ఆ ఊరి వేడి తక్కువేం కాదు. కానీ మా ఇంటి ముందు కానుగ చెట్టు ఉంది, వీధి చివర వేపచెట్లు ఉన్నాయి. కానుగ నీడ చల్లదనం అనుభవించినవాళ్లకి తెలుసు. దాని కింద నులకమంచం వేసుకుంటే మధ్యాహ్నం కూడా కునుకు పడుతుంది. తిరిగి పటమట వచ్చిన రాత్రి బాబు "చెట్టు, చెట్టు" అని ఏడ్చాడు. వాడికి వచ్చిన మాటలు యాభై కూడా ఉండవు.

ఊళ్లో పార్కుల్లో చెట్లు లేవని కాదు. నేను చూసిన చాలా చోట్ల నాటినవి సన్నటి అశోకాలు, అలంకారం తాటిజాతి మొక్కలు, కత్తిరించిన పొదలు. ఫోటోలో బాగుంటాయి. పిల్లాణ్ని నిలబెట్టడానికి ఆ నీడ చాలదు. మంచి నీడనిచ్చే పాత చెట్టు ఎక్కడైనా ఉంటే దాని కింద పార్కింగో, టికెట్ గదో ఉంటుంది. ఆటవస్తువులు మాత్రం నడి మైదానంలో, సిమెంటు దిమ్మెల మీద. పచ్చిక ఉంటే దాని మీద నడవొద్దని బోర్డు. కానుగ, వేప, రావి, నేరేడు ఇవన్నీ మన నేలలో పెరిగే చెట్లే. ఈ వర్షాకాలం ప్రతి ఆటస్థలం పడమటి వైపు నాలుగు నాటితే, మా బాబు బడికి వెళ్లే నాటికి కాకపోయినా, వాడి తర్వాత పుట్టేవాళ్లకి నీడ ఉంటుంది.

ఈ వేసవికి మాత్రం చెట్టు పెరిగేదాకా ఆగలేం. సిగ్నళ్ల దగ్గర బండ్లవాళ్ల కోసం పచ్చటి షేడ్ నెట్ కడుతున్నారు. చాలా మంచి పని, నేను కూడా దాని కింద ఆగినవాణ్నే. ఒక నిమిషం ఆగే మాకు కట్టిన నెట్ లాంటిదే గంటసేపు ఆడే పిల్లల జారుడుబల్ల మీద కట్టండి. నాలుగు గుంజలు, కొన్ని మీటర్ల నెట్, ఒక పూట పని. ఇనుప బల్లల్ని ఎండ పడని వైపుకి తిప్పి పెట్టొచ్చు. పిల్లల ఆటస్థలం తాళం పొద్దున ఐదున్నరకి తీసి తొమ్మిదికి వేసేయండి, మళ్లీ ఐదింటికి తీసి రాత్రి తొమ్మిది దాకా లైట్లు వెలిగించి ఉంచండి. మధ్యాహ్నం నాలుగింటికి ఎవరి కోసం తెరుస్తున్నారో నాకు అర్థం కాలేదు, ఆ వేళ నేను వెళ్లిన రోజున మేం తప్ప ఒక్క బిడ్డ కూడా లేదు. కాపలావాళ్ల డ్యూటీ వేళలు మారాలంటే వాళ్లకి తగిన జీతం ఇవ్వాలి, అది కూడా ఆలోచించాల్సిందే. ఆ పెద్దాయనతోనే ఉచితంగా ఇంకో మూడు గంటలు చేయించమని నేను అడగడం లేదు.

ఇంకో సంగతి, ఇది తల్లులు బయటికి చెప్పుకోరు. పాలిచ్చే బిడ్డతో వచ్చిన తల్లి కూర్చోవడానికి మరుగు ఉండదు. ఆరు నెలల్లోపు పిల్లలకి ఎండాకాలంలో కూడా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదని ఆసుపత్రుల్లో చెబుతారు. దాహం తీర్చేదీ ఆ పాలే కాబట్టి మాటిమాటికీ ఇవ్వాలి. మరి ఎక్కడ కూర్చుని ఇవ్వాలి? మా ఆవిడ బాబు చిన్నప్పుడు బండి మీద నన్ను అడ్డం నిలబెట్టి, చున్నీ కప్పుకుని పాలిచ్చింది, మే నెలలో. బిడ్డకి ఆ చున్నీ కింద ఎంత ఉక్కపోసి ఉంటుందో. గోడవారగా ఒక చిన్న గది, ఫ్యాను, బెంచీ, తలుపుకి గడియ చాలు. అలాగే చిన్న పిల్లలకి అందే ఎత్తులో ఒక మరుగుదొడ్డి, ఒక కుళాయి. డ్యూటీలకి వెళ్లే మాలాంటి వాళ్లు అందుకే పిల్లలకి నీళ్లు తక్కువ తాగించి బయటికి తీసుకొస్తారు, దారిలో ఇబ్బంది అని. ఎండాకాలంలో ఆ పని ఎంత ప్రమాదమో మా ఇంట్లో చూశాం.

మన దగ్గర చలివేంద్రం పెట్టే దాతలకి కొదవ లేదు. వేసవి రాగానే కూడళ్లలో పందిరి వేసి, కుండలు పెట్టి, మజ్జిగ పంచుతారు. మా షాపు యజమాని కూడా ప్రతి ఏడాది ఆటోనగర్‌లో పెట్టిస్తారు, నేను పొద్దున్నే వెళ్లి కుండలు కడిగి నింపుతాను. ఈ ఏడాది ఆయన్ని అడిగి ఒక చిన్న బల్ల కింద వేయించాను, నాలుగు చిన్న గ్లాసులతో, పిల్లలకి అందేట్టు. మొదటి రోజే బడి బ్యాగుల వయసు పిల్లలు పది మందైనా తాగి వెళ్లారు. దాతలు చలివేంద్రం ఒకటి పార్కు గేటు దగ్గర కూడా పెడితే, దాని మీద ఎవరి పేరు రాయించుకున్నా నాకు సంతోషమే.

మధ్యాహ్నం వేళకి నేను అడిగేది గ్రంథాలయాల్ని. శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడుతున్నారు. కథలు చదివిస్తారు, బొమ్మలు గీయిస్తారు. చాలా విలువైన పని. అయితే అవి చదవడం వచ్చిన పిల్లలకి. నేను పాపని తీసుకెళ్తే "ఇంకా చిన్నదండీ, వచ్చే ఏడాది తీసుకురండి" అన్నారు మర్యాదగానే. వాళ్లని అనడానికి లేదు, ఉన్న ఒక్క మనిషి ముప్పై మందిని చూసుకుంటున్నాడు. అయినా అడుగుతున్నాను. ఒక చాప, ఒక ఫ్యాను, బొమ్మల పుస్తకాలు ఇరవై, వారానికి రెండు రోజులు రెండేసి గంటలు చాలు. కథ చెప్పడానికి ఊళ్లో రిటైరైన టీచర్లు ఉన్నారు, నానమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు. మా అమ్మ చదువుకోలేదు గానీ పేదరాశి పెద్దమ్మ కథ మొదలుపెడితే మా మెట్ల మీద నాలుగు వాటాల పిల్లలూ చేరతారు. ఆవిణ్ని రమ్మంటే ఆనందంగా వస్తుంది.

ఇంట్లో మేం చేసేది కూడా చెబుతాను. మధ్యాహ్నం తలుపులు దగ్గరకి వేసి, కిటికీకి తడి దుప్పటి కట్టి, రెండు కుర్చీల మధ్య పాత చీర పరిచి గుడారం చేస్తాం. వామనగుంటల పీట దించాను అటక మీద నుంచి. చింతపిక్కలు బాబు మింగుతాడన్న భయంతో పెద్ద గవ్వలు తెచ్చాను. బక్కెట్టులో నీళ్లు పోసి బాత్రూములో అరగంట ఆడనిస్తాం, ఎవరో ఒకరం గుమ్మంలో కూర్చునే ఉంటాం, ఎందుకంటే బక్కెట్టు నీళ్లైనా చిన్న పిల్లలకి ప్రమాదమే. ఇవన్నీ చేసినా సాయంత్రం ఐదయ్యేసరికి ఇద్దరూ చెప్పులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతారు.

సంపాదకులు గారూ, మీ విలేకర్లు ఒక్క పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా మన ఊళ్లోని పార్కులన్నీ తిరిగి, ఎక్కడ పిల్లల ఆటస్థలం తెరిచి ఉందో, ఎక్కడ తాళం వేసి ఉందో రాయండి. మళ్లీ సాయంత్రం నాలుగున్నరకి వెళ్లి జారుడుబల్ల మీద అరచెయ్యి పెట్టి చూడండి. మీరు రాస్తే చదవాల్సినవాళ్లు చదువుతారు. నేను ఇప్పటికి రెండు అర్జీలు ఇచ్చాను, రసీదులు ఉన్నాయి, జవాబు రాలేదు.

రోహిణి ఎండలు ఇంకా ముందున్నాయి. బడి తెరవడానికి నాలుగు ఆదివారాలు మిగిలాయి. ఈ ఆదివారం ఐదుంముప్పావుకి మేం నలుగురం మళ్లీ ఆ కంచె దగ్గరికే వెళ్తాం. పాప పక్కింటి పిల్లలు ముగ్గుర్ని కూడా రమ్మంది, వాళ్ల అమ్మానాన్నలు సరేనన్నారు.

భవదీయుడు,
ఇద్దరు పిల్లల తండ్రి,
పటమట, విజయవాడ